అరుగు మీద అమెరికా

ఉద్దేశం: దూరదేశపు రాజకీయ, న్యాయ, ఉద్యోగ విషయాల మీద మన ఊళ్ళలో జరిగే ఇష్టాగోష్ఠిని పరిశీలించి, వాదంలో ఒక్కొక్క మాటను తూచి చూసే పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేయడం.

నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల పాదాల వద్ద ఉన్న ఊరు సీతారామపురం. ఉదయగిరి దుర్గం చూడబోయినవారు, ఘటికసిద్ధేశ్వరం యాత్రకు వెళ్ళినవారు ఈ సీమను ఎరుగుదురు. వాన పడితే పంట, లేకుంటే వలస అన్నది ఇక్కడి మెట్టపొలాల పాత లెక్క. ఒకప్పుడు ఆ వలస నెల్లూరు వరకో, మద్రాసు వరకో సాగేది. ఇంజనీరింగు కళాశాలలు పెరిగిన తరువాత అది అమెరికా దాకా సాగింది. అందుచేత అడంగలు, పాసుపుస్తకం అన్నంత సులువుగా హెచ్-1బి, గ్రీన్‌కార్డు, లేఆఫ్ అన్న మాటలు ఇప్పుడు ఈ ప్రాంతపు పెద్దల నోట పలుకుతున్నాయి. సాయంత్రం టీ అంగడి ముందరి అరుగు మీద కూర్చున్న నలుగురిలో ఒకరికైనా కొడుకో, కూతురో, మేనల్లుడో సముద్రాలకు ఆవల ఉంటారు. కనుక వాషింగ్టన్‌లో కదిలిన కాగితం ఈ అరుగు మీద గాలిదుమారం లేపుతుంది.

2025 సెప్టెంబరు 20, శనివారం. ఆనాటి సాయంత్రాన్ని విద్యార్థి ఇలా ఊహించుకోవచ్చు. ముందురోజు అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం చేశాడు. కొత్తగా దాఖలయ్యే హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము చెల్లించాలన్నది దాని సారాంశం. వార్త ఊరికి చేరేసరికి దాని రూపం మారిపోయింది.

"లచ్చ డాలర్లు కట్టకపోతే మావాణ్ణి రేపే ఎనక్కి పంపిస్తారంట, అయ్యవారూ!" అన్నాడు ఒక రైతు. ఆయన కొడుకు డాలస్ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"చట్టం చేసేశారు మామా, ఇంకేముంది!" అన్నాడు పక్కనున్న యువకుడు, సెల్‌ఫోన్ నుంచి తల ఎత్తకుండా.

"ఎట్టా పంపిస్తారు? పని తెలిసినోణ్ణి కంపెనీ వదులుకుంటుందా?" అన్నాడు ఇంకొకరు.

"మనోళ్ళు ఎక్కువైపోయినారని వాళ్ళ బాధ. వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం" అన్నాడు నాలుగో మనిషి, టీ గ్లాసు కింద పెడుతూ.

అంతవరకు మౌనంగా ఉన్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకే ప్రశ్న వేశాడు. "సరే నాయనా, దాన్ని చేసింది ఎవరు? సభ చేసిందా, అధ్యక్షుడు ఒక్కడే చేశాడా?"

అరుగు మీద ఎవరూ బదులు చెప్పలేదు.

ఆ నాలుగు మాటలూ ఒకే విషయం మీద అన్నట్లు కనబడతాయి గాని, అవి ఒకదానికొకటి జవాబులు కావు. మొదటిది భయం. రెండవది చట్టాన్ని గురించిన ఊహ. మూడవది యజమాని వాడుకను గురించిన నమ్మకం. నాలుగవది రాజకీయాభిప్రాయం. గౌతముని న్యాయసూత్రాలు వివాదాన్ని మూడు విధాలుగా విభజించాయి. సత్యాన్ని నిర్ణయించుకోవడానికి ఇరువురు కలిసి చేసేది వాదం. గెలవడమే లక్ష్యంగా చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలుపుకోకుండా ఎదుటివాని మాటను ఖండించడానికే పూనుకొనేది వితండ. నేటి తెలుగులో వితండవాదం అన్న మాట తిట్టుగా మిగిలింది. తక్కిన రెండింటికీ మధ్య ఉన్న గీత మాత్రం చెరిగిపోయింది. అరుగు మీద వాదంగా మొదలైనది రెండవ టీ వచ్చేలోగా జల్పంగా మారడం అందరూ ఎరిగినదే.

చట్టాన్ని గురించి తెలుగులో ఆలోచించడం ఈ సీమకు కొత్త కాదు. పదమూడవ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి మంత్రి తిక్కన సోమయాజి. ఆయనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కవి కేతన. ఆ కేతనే విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారం చేసుకొని విజ్ఞానేశ్వరీయం అనే ధర్మశాస్త్రగ్రంథాన్ని తెలుగు పద్యాలలో రచించాడు. వ్యవహారం అంటే ఆ శాస్త్రంలో న్యాయసభ ముందుకు వచ్చిన తగవు. కౌటిల్యుని అర్థశాస్త్రం తగవుకు నాలుగు పాదాలను చెప్పింది. అవి ధర్మం, సాక్ష్యం మీద నడిచే వ్యవహారం, జనుల ఆచారమైన చరిత్ర, రాజశాసనం. వీటిలో వెనుకటిది ముందుదానిని బాధిస్తుందని, అంటే తోసిపుచ్చుతుందని కూడ చెప్పింది. రాజు పలుకుకు తిరుగులేదన్న మాట.

ఉపాధ్యాయుని ప్రశ్న సరిగ్గా ఈ మెట్టు దగ్గరే పుట్టింది. రాజ్యాంగబద్ధమైన దేశాలలో ఈ వరుస తలక్రిందులవుతుంది. అక్కడ పైమెట్టు రాజ్యాంగానిది. దాని కింద కాంగ్రెసు అనే శాసనసభ చేసిన చట్టం. ఆ చట్టం అప్పగించిన మేరకే అధ్యక్షుని ఆదేశం. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో తేల్చేవి న్యాయస్థానాలు. వీటన్నిటికీ వెలుపల, చట్టం ఏమీ చెప్పని జాగాలో కంపెనీల ఆచారం ఉంటుంది.

ఆ కొలతతో చూస్తే లక్ష డాలర్ల మాట వేరుగా కనబడుతుంది. హెచ్-1బి తరగతిని ఏర్పరచినది కాంగ్రెసు 1990లో చేసిన చట్టం. ఏటా 65,000 అన్న పరిమితిని పెట్టినది కూడ అదే. 1998లోను, మళ్ళీ 2000లోను కాంగ్రెసు దానిని తాత్కాలికంగా పెంచింది. ఒక దశలో అది 1,95,000 దాకా పోయి, 2004 ఆర్థిక సంవత్సరం నుంచి 65,000కు దిగింది. అమెరికాలో పైచదువు పట్టా పొందినవారికి మరొక 20,000 చేర్చినదీ కాంగ్రెసు చట్టమే. ఈ అంకెలను అధ్యక్షుడు మార్చలేడు. 1952 నాటి వలస చట్టం మాత్రం, విదేశీయుల ప్రవేశాన్ని కొన్ని సందర్భాలలో నిలిపివేసే అధికారాన్ని అధ్యక్షునికి ఇచ్చింది. 2025 నాటి ప్రకటన ఆ అధికారాన్నే ఆధారం చేసుకొంది. సెప్టెంబరు 21 నుంచి 12 నెలల పాటు అని గడువు కూడ పెట్టింది. అప్పటికే దాఖలైన దరఖాస్తులకు, వీసా ఉన్నవారికి ఆ రుసుము వర్తించదని ప్రభుత్వం తరువాత వివరించింది. ఆ వివరణ రావడానికి పట్టిన ఒక్క రోజులోనే, సెలవు మీద స్వదేశం వచ్చినవారిని వెంటనే తిరిగి రమ్మని కొన్ని కంపెనీలు కబురు పెట్టాయి. ప్రవేశాన్ని నిలిపే అధికారంలో ఇంత రుసుము విధించే అధికారం కూడ ఇమిడి ఉన్నదా అని అక్టోబరులోనే దావాలు పడ్డాయి.

ఆదేశానికి, రాజ్యాంగానికి ఘర్షణ వచ్చిన మరొక సందర్భం అదే సంవత్సరం జనవరిలోనిది. తల్లిదండ్రులలో ఒక్కరికైనా పౌరసత్వంగాని, శాశ్వత నివాసంగాని లేకపోతే, అమెరికాలో పుట్టిన బిడ్డకు పౌరసత్వం రాదని అధ్యక్షుడు జనవరి 20న ఆదేశించాడు. తాత్కాలిక వీసా మీద ఉన్న తెలుగు దంపతుల బిడ్డలు కూడ ఆ మాట కిందికి వస్తారు. అయితే అక్కడ పుట్టినవారు పౌరులేనన్నది 1868లో చేరిన పద్నాల్గవ రాజ్యాంగ సవరణ. చైనా దంపతులకు అమెరికాలో పుట్టిన వ్యక్తి విషయంలో 1898లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది. 2025 నాటి ఆదేశం అమలులోకి రాకముందే కింది న్యాయస్థానాలు దానిని నిలిపివేశాయి.

అంతమాత్రాన న్యాయస్థానం ఎల్లప్పుడూ వలసవాసి పక్షాన నిలిచిందని తలచరాదు. భారతీయుడు పౌరసత్వానికి అర్హుడు కాడని భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యంలో 1923లో తీర్పు చెప్పినది అదే సుప్రీంకోర్టు. ఆ దశకంలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో పరిశోధన సాగించాడు. కండరాల శక్తికి మూలమైన రసాయనాలను గుర్తించిన ఆ శాస్త్రజ్ఞునికి, 1946లో కాంగ్రెసు చట్టం మార్చేవరకు ఆ దేశపు పౌరుడయ్యే దారి లేదు. మార్చిన తరువాత భారతీయుల వాటా ఏడాదికి 100 మంది. దేశాలవారీ వాటాల పద్ధతి 1965లో పోయింది. ఈనాటి వలసకు తలుపు తీసినది ఆ చట్టమే.

ఇక కొలువు సంగతి. "ఏ తప్పూ చేయకుండా ఉద్యోగం తీసేస్తే కోర్టుకు పోకూడదా?" అన్న ప్రశ్న అరుగు మీద తరచు వినబడుతుంది. ప్రభుత్వోద్యోగాన్ని కొలబద్దగా పెట్టుకొన్న సమాజంలో పుట్టిన ప్రశ్న అది. అమెరికాలో మోంటానా తప్ప తక్కిన రాష్ట్రాలలో సాధారణ నియమం వేరు. ఇష్టమున్నంత కాలమే కొలువు. కారణం చెప్పకుండా యజమాని తొలగించవచ్చు, ఉద్యోగి కూడ మానుకోవచ్చు. జాతి, వర్ణం, మతం, స్త్రీపురుష భేదం, జన్మదేశం కారణంగా తొలగించరాదన్నది 1964 నాటి పౌరహక్కుల చట్టం. నూరుగురికి తక్కువ కాని ఉద్యోగులున్న సంస్థ మూకుమ్మడిగా తొలగించేటప్పుడు, కొన్ని షరతులకు లోబడి, 60 రోజుల ముందు తెలియజేయాలన్నది 1988 నాటి చట్టం. మన దేశంలో పెద్ద కర్మాగారం కార్మికులను తొలగించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. కార్మికుల సంఖ్య 300 చేరితేనే ఆ నియమం వర్తిస్తుందని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి మార్చింది. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. రెండు దేశాల ఆలోచనలోనే తేడా ఉందన్నది స్పష్టం.

కాని కొలువు పోయిన అమెరికావానికి, కొలువు పోయిన సీతారామపురం వానికి మధ్య ఉన్న తేడా ఈ చట్టాలలో లేదు. మొదటివాడు జీతం పోగొట్టుకుంటాడు. రెండవవాడు జీతంతో పాటు ఆ దేశంలో ఉండే హక్కును కూడ పోగొట్టుకుంటాడు. 2017 జనవరిలో అమలులోకి వచ్చిన నియమం ప్రకారం అతనికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఆలోగా మరొక యజమాని అతని పేర దరఖాస్తు పెట్టాలి. లేదా అతడు మరొక వీసాకు మారాలి. కాకుంటే దేశం విడవాలి. ఇంటి అప్పు, కారు వాయిదా, పిల్లవాని బడి, ప్రసవించబోయే భార్య, ఇక్కడ తండ్రి కంటి శస్త్రచికిత్సకు పంపవలసిన సొమ్ము, ఇవన్నీ ఆ అరవై రోజులలో ఇమడాలి. ఆ భయం వల్లనే అతడు పనిచోట తన హక్కును కూడ అడగడు. ఉదాహరణకు, పని చూపకుండా జీతం లేకుండా 'బెంచి' మీద కూర్చోబెట్టడం చట్టవిరుద్ధం. హెచ్-1బి ఉద్యోగికి ఖాళీకాలానికి కూడ యజమాని జీతం చెల్లించాలని 1998 నాటి చట్టం చెబుతోంది. కొత్త యజమాని దరఖాస్తు దాఖలు చేసిన వెంటనే అక్కడ చేరవచ్చునని 2000 నాటి చట్టం చెబుతోంది. ఈ రెండూ తెలియనివాడు మోసపోతాడు. తెలిసినవాడు కూడ ఒక్కొక్కసారి మౌనంగా ఉండిపోతాడు.

ఆ మౌనానికి మూలం గ్రీన్‌కార్డు వరుస. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే శాశ్వత నివాసాలు ఏటా సుమారు 1,40,000. అందులో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా 7 శాతానికి మించి ఇవ్వరాదు. భారతదేశానికీ అదే 7 శాతం, ఐస్‌లాండుకూ అదే 7 శాతం. 2013 ప్రాంతంలో దరఖాస్తు పెట్టిన భారతీయుల వంతు 2025లోనూ నడుస్తూ ఉందంటే ఆ వరుస పొడవు ఊహించవచ్చు. చిన్ననాడు తల్లిదండ్రుల వెంట వెళ్ళిన బిడ్డ 21 ఏళ్ళు నిండితే వారి వరుస నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. దేశాల పరిమితిని తీసివేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365-65 ఓట్లతో నెగ్గింది, కాని చట్టం కాలేదు. పరిమితి తీసివేస్తే తక్కిన దేశాలవారు అంతకాలమూ ఆగవలసి వస్తుందన్న వాదం ఒకటి ఉంది. అది కొట్టివేయదగినది కాదు.

పూర్వపక్షాన్ని బలహీనంగా చెప్పి ఖండించేవాడు పండితుడు కాడని మన వ్యాఖ్యాతల సంప్రదాయం. కనుక "వాళ్ళ దేశం, వాళ్ళ ఇష్టం" అన్న నాలుగవ మనిషి మాటకు వెనుక ఉన్న అమెరికా ఉద్యోగి గొంతును కూడ వినాలి. తన స్థానంలోకి తక్కువ జీతానికి వచ్చే వీసా ఉద్యోగికి తానే పని నేర్పి, ఆ తరువాత ఇంటిముఖం పట్టినవారు ఆ దేశంలో ఉన్నారు. స్థానికునికి ముందు పని దొరకాలని వారు కోరుతున్నారు.

ఆ కోరిక తెలుగువారికి వింతగా తోచవలసిన పని లేదు. ముల్కీ నిబంధనల మీద 1969లో తెలంగాణలోను, 1972లో ఆంధ్రలోను ఉద్యమాలు రగిలాయి. 1973 నాటి ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఇవన్నీ ఉద్యోగంలో స్థానికుడెవరు అన్న ప్రశ్నకే సమాధానాలు. ఆ ఉత్తర్వు కింద నెల్లూరు జిల్లా గుంటూరు, ప్రకాశం జిల్లాలతో కలిసి మూడవ జోనులో చేరింది. ప్రైవేటు పరిశ్రమలలో సైతం 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019లో చట్టం చేసింది. ఆనాడు దానిని మెచ్చుకొన్న నోటితోనే డాలస్‌వారిని తిట్టేవాడు తన మాటలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకోవాలి. రెండింటికీ తేడా ఉందనవచ్చు. ఉంటే అది ఏమిటో చెప్పడమే వాదం.

రాజకీయాల దగ్గరకు వస్తే మన అరుగు పార్టీని చూడదు, చుట్టరికాన్ని చూస్తుంది. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండు రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు కావడం చూసి పొంగిపోయినవారే, 2025లో ఆంధ్ర మూలాలున్న ఉషా వాన్స్ భర్త ఉపాధ్యక్షుడైనప్పుడూ పొంగిపోయారు. ఒకరిది డెమొక్రటిక్ పక్షం, మరొకరిది రిపబ్లికన్ పక్షం. వలస మీద ఆ రెండు పక్షాల మాట ఒకటి కాదన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక విషయం వచ్చినప్పుడు మాత్రం అరుగు మీద స్వరం తగ్గుతుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ, ఉద్యోగంలోను ఇంటి అద్దెలోను కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అది. అదే సంవత్సరం కాలిఫోర్నియా సభలు అటువంటి బిల్లును ఆమోదించగా, ఉన్న చట్టాలే చాలునని గవర్నరు అక్టోబరులో తిప్పిపంపాడు. భారతీయులను మాత్రమే వేలెత్తి చూపే చట్టమని కొందరు ప్రవాసులు వ్యతిరేకించారు. పనిచోట ఇంటిపేరు అడిగి మనిషిని కొలిచే అలవాటు సముద్రం దాటి వచ్చిందని మరికొందరు ప్రవాసులే సాక్ష్యం చెప్పారు. ఈ చర్చలో ఇరుపక్షాలవారూ మనవారే. అమెరికా యజమాని మనవాని పట్ల చూపే వివక్షను గట్టిగా ఖండించే అరుగు, మనవాడు మనవాని పట్ల చూపే వివక్ష దగ్గర మాట మార్చి వాన సంగతి ఎత్తుకుంటుంది. ఆ అరుగు మీద ఎవరు కూర్చుంటారు, ఎవరు పక్కన నిలబడే టీ తాగుతారు అన్నది కూడ గమనించదగినదే.

కళాశాల విద్యార్థులకు నేరుగా తగిలే ఉదంతం మరొకటి ఉంది. మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అనే పేరుతో ఫెడరల్ అధికారులే రహస్యంగా ఒక సంస్థను నడిపారు. అందులో తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. వీసా నిలుపుకోవడానికి అక్కడ రుసుము కట్టి చేరినవారిలో 130 మందిని 2019 జనవరిలో నిర్బంధించారు. వారిలో 129 మంది భారతీయులు, అందులోనూ తెలుగువారు ఎక్కువ. చేర్పించిన దళారులు ఎనిమిది మంది మీద నేరాభియోగాలు మోపారు. విద్యార్థులది తప్పా, వల పన్నిన ప్రభుత్వానిదా అని ఆ రోజులలో తెలుగునాట ఇంటింటా తర్కం జరిగింది. చదువు చెబుతామని రుసుము తీసుకొని చెప్పలేదు గనుక సొమ్ము వాపసు ఇవ్వాలని ప్రభుత్వం మీదనే ఒక విద్యార్థి దావా వేశాడు. అది విచారణకు తగినదేనని 2024లో అప్పీళ్ళ న్యాయస్థానం చెప్పింది. తరగతి లేని కళాశాలలో చేరడం తెలివితక్కువతనమా, నేరమా అన్నది ఆ తీర్పుతో తెగలేదు.

మళ్ళీ సీతారామపురం అరుగు దగ్గరకు రావాలి. మరునాడు, ఆదివారం రాత్రి, ఆ రైతు డాలస్‌కు ఫోన్ చేసి ఉంటాడు. ఇక్కడ తొమ్మిది గంటలంటే అక్కడ ఉదయం పదిన్నర. ముందురోజైతే ఆయన "పంపించేస్తారా నాయనా?" అనే అడిగేవాడు. ఈసారి అయ్యవారు చెప్పిన ప్రశ్నను కాగితం మీద రాసుకొని పెట్టుకున్నాడు.

"నీ దరఖాస్తు ఎప్పటిదిరా?"

"పాతదే నాన్నా. మూడేళ్ళ కిందటిది. ఇంకా గడువుంది."

"అయితే ఆ రుసుము నీకు రాదు గదా?"

అవతల కాసేపు మాట లేదు. "రాదు నాన్నా. నీకెవరు చెప్పారు?"

ప్రశ్నలు

1. అరుగు మీది నలుగురి మాటలను వాదం, జల్పం, వితండలతో పోల్చి వ్యాసరూపంలో సమాధానం రాయండి.

2. కౌటిల్యుడు చెప్పిన తగవు పాదాల వరుసకు, రాజ్యాంగబద్ధ దేశంలోని వరుసకు భేదమేమి?

3. 'స్థానికునికే ముందు పని' అన్న కోరికను డాలస్ ఉద్యోగి దృష్టితోను, నెల్లూరు జిల్లా నిరుద్యోగి దృష్టితోను రెండు పేరాలలో సమర్థించండి.

4. ఈ వారం మీ ఊరి అరుగు మీదగాని, మీ ఇంటిలోగాని విన్న ఒక మాటను తీసుకొని, అది చట్టమో, ఆదేశమో, తీర్పో, కంపెనీ ఆచారమో విచారించి రాయండి.